పంపు గది వెనక

శ్రీరామ్మూర్తి కంటే ఆయన బూట్లు ముందు డ్యూటీకి వస్తాయని యార్డులో ఓ మాట ఉంది. గేటు దగ్గర స్కూటర్ దిగి నాలుగడుగులు వేస్తే చాలు, లోపల బెంచీ మీద జారగిలబడ్డ గార్డు టక్కున లేచి టోపీ సర్దుకుంటాడు. ఆర్మీలో సుబేదారుగా రిటైరై, పోర్టు గోడ పక్కనున్న ఈ యార్డులో సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేరాక కూడా ఆయన నడక మారలేదు. స్టీలు ప్లాంటు నుంచి లారీల మీద వచ్చిన ఉక్కు చుట్టలు ఓడెక్కే దాకా ఇక్కడే పడుంటాయి. వాటి మీదా, చెట్ల మీదా, టీ గ్లాసుల మీదా ఎర్రటి ఇనుప దుమ్ము పేరుకుని ఉంటుంది. ఆ దుమ్ములో మెరిసేది ఏదైనా ఉందీ అంటే అవి శ్రీరామ్మూర్తి బూట్లే.

పంద్రాగస్టు ఇంకా మూడు రోజులుంది. పొద్దున్న ఫాలిన్‌లో గార్డులు వరసగా నిలబడ్డారు. అందరూ ఫౌజులో చేసి వచ్చినవాళ్ళే. సత్యం ఒక్కడే నేవీ మనిషి. మామూలు మనుషులు ఎదుటివాడి మొహం చూస్తారు, శ్రీరామ్మూర్తి కాళ్ళు చూస్తాడు. వరస చివరికొచ్చేసరికి ఆయన చూపు ఆగిపోయింది. సత్యం కాళ్ళకి వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులున్నాయి.

"ఇదేటి?" అన్నాడు.

"బూటు సిరిగిపోనాది సార్. కుట్టించాల." సత్యం ఎదురుగా గోడకేసి చూస్తూ చెప్పాడు. ఆ ఇద్దరూ బయట బావా అంటే బావా అనుకుంటారు. వరసలో మాత్రం సారే.

"నిన్నా ఇదే మాట సెప్పినావు."

"అవును సార్."

"పంద్రాగస్టుకి పోర్టు ఆఫీసర్లొత్తన్నారు. మేనేజరు గారు ఏటన్నారో తెలుసా? మీ పరేడ్ సూడ్డానికే ఒత్తన్నారు సుబేదార్ గారూ అన్నారు. ఆళ్ళ ముందర నువ్వు ఈ సెప్పుల్తో జెండా కాడ నిలబడతావేటి?"

  జెండా సంగతి వస్తే ఈ యార్డులో సత్యం పేరు తప్ప ఇంకో పేరు వినపడదు. నేవీలో ఉన్నంతకాలం ఓడ మీద సిగ్నల్ జెండాలతోనే అతని పని. మూడు రంగుల బట్టని మడత మీద మడత వేసి, మధ్యలో బంతి రేకులు పోసి, తాడు చుట్టి, చివర ఒక జారుముడి వేస్తాడు. పైకెళ్ళేదాకా ఆ మూట విడదు. కిందనుంచి ఒక్కసారి లాగితే చాలు, గుప్పున విచ్చుకుంటుంది. పోయినేడు ఆ సమయానికి మేనేజరు సాయిశంకర్ చప్పట్లు కొట్టబోయి, సెల్యూట్‌లో ఉన్న చేతులు చూసి ఆగిపోయాడు.

"బూట్లు నేకపోతే వరసలో నేవు. జెండా గురువులు కడతాడు," అన్నాడు శ్రీరామ్మూర్తి, వరసలో ఉన్న ఇంకో గార్డు కేసి చూపిస్తూ.

సత్యం ఎడమకాలు కాస్త తేలిగ్గా ఆనించి, వెనక్కి తిరిగి గేటు వైపు వెళ్ళిపోయాడు. తిరగడం మాత్రం డ్రిల్లులో తిరిగినట్టే తిరిగాడు. అది చూసి శ్రీరామ్మూర్తికి కోపం ఇంకాస్త పెరిగింది. అంత తిరగడం వచ్చినవాడికి ఒక బూటు కుట్టించుకోవడం రాదా?

తర్వాత మిగిలినవాళ్ళని సావధాన్‌లో నిలబెట్టి, ఎప్పుడూ చెప్పేదే మళ్ళీ చెప్పాడు. "కదలకండా నిలబడ్డమంటే కర్రలాగ బిగుసుకుపోడం కాదర్రా. బూటులోపల కాలివేళ్ళు ఆడిత్తా ఉండాల. బయటోడికి తెలకూడదు. రక్తం కిందకి దిగిపోయిందంటే కళ్ళు తిరిగి పడిపోతారు."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన తన వేళ్ళు కూడా ఆడించాడు. ఆడాయో లేదో ఆయనకి తెలియదు. కాళ్ళు రెండూ దూది కట్టినట్టయి చాలా కాలమైంది. ఆ విషయం ఆయన ఎవరికీ చెప్పలేదు. సుబేదార్ శ్రీరామ్మూర్తి సర్వీసు మొత్తం మీద ఒక్క మెడికల్ బోర్డులోనూ షేప్-వన్, అంటే ఏ లోపమూ లేని ఒళ్ళు, అన్నది తప్ప ఇంకో మాట రాయించుకోలేదు. జ్వరంతో కాగిపోతూ కూడా బోర్డు ముందు నవ్వుతూ నిలబడ్డవాడాయన. ఇప్పుడు ఏ బోర్డూ లేదు, ఎవడూ కేటగిరీ తగ్గించడు. అయినా దాచడం మాత్రం మానలేదు.

మధ్యాహ్నం భోజనం వేళకి ఆయన టిఫిన్ సంచీ పట్టుకుని పంపు గది వెనక్కి వెళ్ళాడు. అక్కడ గోడకీ నీళ్ళ ట్యాంకుకీ మధ్య ఒక మనిషి పట్టే సందు. చొక్కా పైకెత్తి, పొట్ట చర్మం రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, ఇన్సులిన్ పెన్ను గుచ్చుకున్నాడు. కాస్త ఆగి సూది తీసి, డబ్బాలో పడేసి, చొక్కా దోపుకున్నాడు. ఇంతా చేస్తే చిటికెలో పని. కానీ ఆ కాస్త సేపూ ఆయన చెవులు బయటే ఉంటాయి. ఎవడైనా చూస్తే సాయంత్రానికి యార్డంతా తెలుస్తుంది. సుబేదార్ సాబ్‌కి సూది మందంట, ఇంకెక్కడి సుబేదారు అంటారు.

సందులోంచి బయటికొస్తే, మూలమీద చెక్క దుంగ మీద సత్యం కూర్చుని ఉన్నాడు. రోజూ అక్కడే, ఆయనకి వీపు పెట్టి, దారి వైపు చూస్తూ కూర్చుంటాడు. ఒళ్ళో క్యారియరు ఉంటుంది. ఇవాళ కూడా అలాగే ఉన్నాడు. బూటు సంగతికి అలిగాడనుకుని శ్రీరామ్మూర్తి పలకరించకుండా పక్కనుంచి నడిచి వెళ్ళిపోయాడు.

*

కంచరపాలెంలో ఇంటికి చేరేసరికి భార్య గౌరీశ్వరి వరండా తుడుస్తోంది. మాజీ సైనికుల క్లినిక్కులో మొన్న డాక్టరమ్మ ఆమెను పక్కకి పిలిచి, రోజూ ఆయన అరికాళ్ళు చూడమని చెప్పింది. అప్పట్నుంచీ ఇంట్లో రోజూ ఇదే గొడవ.

"ఏటండీ, ఓసారి కాళ్ళు ఇలాగెట్టండి, సూత్తాను."

"ఎందుకూ?"

"డాట్రమ్మ సెప్పింది కదండీ."

"నా కాళ్ళు నాకు తెలుసే. మంచు మీద నడిసిన కాళ్ళివి. నువ్వు పట్టుకు సూడ్డానికి నానేటి మంచాన పడ్డానా?"

గౌరీశ్వరి తుడుపుగుడ్డ పిండింది. ఆ గుడ్డలో నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి, ఆవిడ ఇంకా పిండుతూనే ఉంది. "మంచు మీద నడిసినప్పుడు మీకు సల్లగా తెలిసేది. ఇప్పుడు తెలుత్తందా?" అంది.

ఆయన బూట్లు తీసుకుని మళ్ళీ బయటికి వెళ్ళిపోయాడు. భార్య ముందు కాలు చాపి కూర్చోవడమంటే ఆయనకి ఓడిపోయినట్టే ఉంటుంది. ఆవిడ తిండి కొలిచి పెడుతుంది, స్వీటు షాపు ముందు నడక జోరు పెంచుతుంది, పెళ్ళిళ్ళలో పాయసం గిన్నె వస్తుంటే ఆయన విస్తరి మీద చెయ్యి అడ్డం పెడుతుంది. ఇవన్నీ ఓర్చుకున్నాడు. కాళ్ళు మాత్రం ఇవ్వలేకపోయాడు.

ఆ కోపంలోనే వన్ టౌన్ వెళ్ళి, బూట్ల మడమలకి కొత్త ఇనుప లాడాలు కొట్టించాడు. పరేడ్‌లో కాలు దించితే చప్పుడు పోర్టు గోడకి తగిలి వెనక్కి రావాలి. చెప్పులు కుట్టే ఆయన రెండు మేకులు చాలన్నాడు. శ్రీరామ్మూర్తి పట్టుబట్టి పొడుగు మేకులు నాలుగేసి కొట్టించాడు.

మర్నాడు రిహార్సల్‌లో ఆ చప్పుడు నిజంగానే గోడకి తగిలి వెనక్కి వచ్చింది. క్రేను మీదున్న డ్రైవరు కూడా తొంగిచూశాడు. శ్రీరామ్మూర్తికి ఛాతీ నిండిపోయింది. అవసరం లేకపోయినా యార్డంతా ఒక చుట్టు తిరిగొచ్చాడు. ఎటు నడిచినా టక్కుటక్కుమంటూ తన వయసు వెనక్కి వెళ్తున్నట్టుంది. ఆ పూట పాడైందల్లా జెండా విషయంలోనే. గురువులు మొదటిసారి కట్టిన మూట సగం దారిలోనే విడిపోయి రేకులన్నీ అతని నెత్తిన పడ్డాయి. రెండోసారి కట్టింది పైకెళ్ళి, ఎంత లాగినా విడలేదు. ముగ్గురు కలిసి తాడు గుంజితే కర్ర ఊగింది తప్ప ముడి ఊడలేదు.

"సత్యాన్ని పిలవనా సార్?" అన్నాడు గురువులు.

"నాను సెప్పింది నీకు అర్థం కానేదేటి? మల్లీ కట్టు," అన్నాడు శ్రీరామ్మూర్తి.

సత్యం గేటు దగ్గర లారీల తాళ్ళు చూస్తున్నాడు. ఇటు తిరగనైనా లేదు.

సాయంత్రం ఇంటికొచ్చి, గడప బయట బూట్లు విప్పి, సాక్సులతోనే లోపలికి నడిచి, మంచినీళ్ళు తాగి, కుర్చీలో కూర్చుని పేపరు విప్పాడు. వంటింట్లోంచి వచ్చిన గౌరీశ్వరి నేల కేసి చూసి నోటిమీద చెయ్యేసుకుంది. అప్పుడే తుడిచిన గచ్చు మీద, గడప నుంచి నీళ్ళ కుండ దాకా, కుండ నుంచి కుర్చీ దాకా, ఒక కాలి మడమ ఎర్రగా అచ్చుపడి ఉంది.

"ఎవరిదిది?" అన్నాడు శ్రీరామ్మూర్తి.

ఆయన నిజంగానే అడిగాడు.

గౌరీశ్వరి వెళ్ళి బూటు తెచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని, వేలు బూటులోపల పెట్టించింది. మడమ దగ్గర మేకు మొన తగిలింది. గోరంత పొడుగు పైకి లేచి ఉంది. లోపలి తోలు తడిగా ఉంది. పొద్దున్న రిహార్సలు, యార్డు చుట్టూ ఆ గొప్ప నడక, ఆ టక్కుటక్కులు అన్నీ ఈ మేకు మీదే నడిచాడు. ఒక్కో అడుగుకీ అది లోపలికి దిగింది. ఆయనకి చప్పుడు వినిపించింది గానీ నొప్పి తెలియలేదు.

యుద్ధంలో లేని భయం ఆయనకి ఆ కుర్చీలో వేసింది. కాలు ఒంటికి ఉంది గానీ తన దగ్గర లేదు.

ఆవిడ పీట వేసుకుని కింద కూర్చుంది. ఈసారి అడగలేదు, కాలు తీసి ఒళ్ళో పెట్టుకుని సాక్సు నెమ్మదిగా తడిపి ఊడదీసింది. కళ్ళనీళ్ళు కారుతున్నా పని ఆపలేదు. ఆయన కాలు వెనక్కి తీసుకోలేదు. గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. అలా చూస్తుండగా నిన్న పొద్దున్న తన ముందు గోడకేసి చూసిన ఇంకో మనిషి గుర్తొచ్చాడు. ఎడమకాలు తేలిగ్గా ఆనించిన మనిషి.

"గౌరీ, సత్యానికీ సుగరే అనుకుంటాను," అన్నాడు.

*

పొద్దున్నే క్లినిక్కులో గాయం కడిగి కట్టు కట్టారు. డాక్టరమ్మ తిట్టాల్సినవన్నీ తిట్టి, బూట్లు ముట్టుకోవద్దంది. అక్కణ్ణించి ఆటోలో నేరుగా వన్ టౌన్ వెళ్ళారు భార్యాభర్తలు. సత్యం ఇంటి సందులోకి ఆటో పట్టదు. కొత్త చెప్పులతో, భార్య భుజం పట్టుకుని, శ్రీరామ్మూర్తి ఆ సందులో నడిచాడు. చప్పుడు లేని తన నడక ఆయనకే కొత్తగా ఉంది.

తలుపు తీసిన సత్యం భార్య విమలమ్మ ముందు ఆయన మొహం చూసింది, తర్వాత కాలి కట్టు చూసింది. "రండన్నయ్యా," అని పక్కకి తప్పుకుంది. లోపల సత్యం ఎడమకాలు స్టూలు మీద పెట్టుకుని ఉన్నాడు. బొటనవేలి కింద, అరికాలిలో, రూపాయి బిళ్ళంత పుండు. విమలమ్మ దానికి మందు రాస్తూ మధ్యలో లేచొచ్చినట్టుంది.

సత్యం గబుక్కున కాలు దించబోయాడు.

"ఉంచు బావ," అన్నాడు శ్రీరామ్మూర్తి. ఎదురుగా కూర్చుని ఆ పుండు కేసి చాలాసేపు చూశాడు. "బూటు సిరిగిందన్నావు."

"మరేటనాల? కాలు సిరిగిందంటే గేటు కాణ్ణించి ఇంటికి పంపీయరా?"

"నాకు సెప్పొచ్చు కదా. నాను పరాయోణ్ణా?"

సత్యం నవ్వాడు. "నువ్వు నాకు సెప్పినావేటి?"

 గౌరీశ్వరి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"పంపు గది ఎనక్కి నువ్వు రోజూ ఎందుకెల్తన్నావో నాకు తెల్దనుకున్నావేటి బావ? నాకూ అదే మందు. నాను ఇంటికాడే పొడిపించుకు ఒత్తాను, విమల పొడుత్తాది."

"తెలిసీ అక్కడ కూకున్నావా?"

"మరి ఎవుడో ఒకడు కూకోవాల కదా. ఆ దార్లో కుర్రోళ్ళు సిగరెట్టుకి ఎల్తారు. నాను దుంగ మీద కూకుంటే తిరిగెల్లిపోతారు. నువ్వు బయటికొచ్చీదాకా ఎవుణ్ణీ రానిచ్చీవోణ్ణి కాదు." ఏదో మామూలు డ్యూటీ గురించి చెప్పినట్టు చెప్పాడు సత్యం.

తను ఆ సూది మొదలెట్టి రెండేళ్ళు. ఎండలో, వానలో, మధ్యాహ్నం ఆ దుంగ మీద వీపు పెట్టి కూర్చున్న ఆ మనిషినే తను వరసలోంచి తీసేశాడు. అది కూడా పుండుతో, చెప్పులతో, తన ముందు సావధాన్‌లో నిలబడితే! శ్రీరామ్మూర్తికి సిగ్గేసింది. దాంతోపాటే, ఎందుకో చెప్పలేడు గానీ, ఛాతీ నిండేంత గర్వం కూడా కలిగింది. ఇన్నాళ్ళూ తనకి కాపలా ఉందన్నమాట.

"క్లినిక్కుకి పద. డాట్రమ్మ సూడాల," అన్నాడు లేస్తూ. "రేపు జెండా నువ్వే కడతావు."

"సెప్పుల్తోనా?"

"సెప్పుల్తోనే. నాను కూడా సెప్పుల్తోనే."

*

పంద్రాగస్టు పొద్దున్న, ఆఫీసర్లు రావడానికి ముందే ఫాలిన్ జరిగింది. సుబేదార్ సాబ్ వస్తున్న చప్పుడు వినపడక, బెంచీ మీదున్న గార్డు దొరికిపోయాడు. ఆయన ఇస్త్రీ మడత చెడని యూనిఫాం, ఛాతీ మీద మెడల్స్, కాళ్ళకి పట్టీ చెప్పులు, మడమకి తెల్లటి కట్టు. ఆయన పక్కన కుర్చీలో సత్యం. ఒళ్ళో జెండా, పక్కన బంతి రేకుల పళ్ళెం.

శ్రీరామ్మూర్తి ఎవరి బూట్లూ చూడలేదు.

"ఫుట్ ఇన్‌స్పెక్షన్," అన్నాడు. "జూతే ఉతార్."

వరస ఒక్క క్షణం కదల్లేదు. ఆర్డరు అర్థంకాక కాదు, అర్థమై. పొడుగాటి మార్చ్ అయ్యాక జవాన్లు బూట్లు విప్పి కూర్చుంటే, ప్లటూన్ కమాండరే వంగి ఒక్కొక్కడి అరికాళ్ళు చూస్తాడు. వాళ్ళందరూ కుర్ర వయసులో అలా కాళ్ళు చూపించుకున్నవాళ్ళే. సివిల్‌లోకి వచ్చాక ఆ కాళ్ళని ఎవరూ అడగలేదు.

కింద బరకం పరిచారు. ఒక్కొక్కరూ కూర్చుని బూట్లు, సాక్సులు విప్పారు. శ్రీరామ్మూర్తి మోకాలి మీద వంగి, ఒక్కో పాదం చేతిలోకి తీసుకుని, వేళ్ళ మధ్య చూసి, మడమ నొక్కి, "తెలుత్తందా?" అని అడుగుతూ వచ్చాడు. గురువులు దగ్గరికొచ్చేసరికి అతను ఒక సాక్సు విప్పి రెండోది విప్పలేదు.

"అదీ విప్పు."

"ఏటీ నేదు సాబ్."

"నాకూ ఏటీ నేదనే అనుకున్నాన్రా గురువులూ," అని తన చెప్పు తీసి కట్టు చూపించాడు శ్రీరామ్మూర్తి. "మేకు మీద రోజంతా నడిసినాను. నాకు తెల్నేదు. నాకు సుగరు. రోజూ ఇన్సులిన్ పొడుసుకుంటన్నాను."

ఆ మాట వరసంతా విన్నది. అప్పుడే కారు దిగి వచ్చిన సాయిశంకర్ కూడా విన్నాడు. గార్డులు వట్టికాళ్ళతో కూర్చుని ఉండటం, సుబేదారు నేలమీద మోకరించి ఉండటం చూసి అతను కంగారుపడ్డాడు.

"ఏమైంది సుబేదార్ గారూ? వాళ్ళు వచ్చేస్తున్నారు. మీరేంటి, చెప్పులు..."

"పరేడ్ నడుస్తోంది సార్," అన్నాడు శ్రీరామ్మూర్తి లేవకుండానే. "మీరు కుర్చీలు చూసుకోండి."

సాయిశంకర్ ఇంకేదో అనబోయి, ఆ వరస కేసి చూసి, కుర్చీలు చూసుకోవడానికి వెళ్ళిపోయాడు. గురువులు రెండో సాక్సు విప్పాడు. చిటికెన వేలు నల్లగా కమిలి ఉంది. శ్రీరామ్మూర్తి అతన్ని తిట్టకుండా, దాన్ని ముట్టుకోకుండా చూసి, "రేపు క్లినిక్కు. నాతో," అన్నాడు.

ఆఫీసర్లు వచ్చేసరికి పరేడ్ నిలబడి ఉంది. బూట్లు వేసుకోగలిగినవాళ్ళు బూట్లతో, మిగతా ముగ్గురూ చెప్పులతో ఉన్నారు. "సావధాన్" అన్న ఆర్డరుకి లాడాల చప్పుడేమీ రాలేదు. ఆ గొంతే పోర్టు గోడకి తగిలి వెనక్కి వచ్చింది. సత్యం కర్ర దగ్గరికి నడిచి, తాడు అందుకుని, మూటని పైదాకా పంపి, ఒక్కసారి లాగాడు. జెండా విచ్చుకుంది. రేకులు గాలికి చెదిరి బూట్ల మీదా, చెప్పుల మీదా, కట్ల మీదా పడ్డాయి. సెల్యూట్‌లో నిలబడ్డ శ్రీరామ్మూర్తి అలవాటుగా కాలివేళ్ళు ఆడించాడు. ఈసారి చెప్పుల్లో వేళ్ళు ఎదురుగా కనిపిస్తున్నాయి. కనుకొలకుల్లోంచి చూసుకున్నాడు, ఆడుతున్నాయి.

ఆఫీసర్లు లడ్డూలు తిని, కరచాలనాలు చేసి వెళ్ళిపోయారు. యార్డులో మళ్ళీ లారీలు కదిలాయి.

మధ్యాహ్నం గార్డు రూములో అందరూ క్యారియర్లు విప్పారు. శ్రీరామ్మూర్తి సంచీ తీసుకుని లేచాడు. అలవాటుగా రెండడుగులు పంపు గది వైపు వేసి, ఆగి, మళ్ళీ వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. పెన్ను తీసి బల్ల మీద పెట్టి, చొక్కా పైకి లాగాడు. గురువులు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి చూశాడు.

సత్యం ఒక్కడే చూడలేదు. ఆ సంచీ జిప్పు చప్పుడు వినగానే తన క్యారియరు పట్టుకుని లేచి, కుంటుతూ వెళ్ళి, గుమ్మంలో వీపు పెట్టి నిలబడ్డాడు. యార్డు వైపు చూస్తూ దారికి అడ్డంగా ఉన్నాడు.

శ్రీరామ్మూర్తి సూది పట్టుకునే ఆ వీపుని కాసేపు చూశాడు.

"బావ," అన్నాడు. "డ్యూటీ అయిపోనాది. ఇటొచ్చి కూకో, అన్నం సల్లారిపోతంది."

సత్యం వెనక్కి తిరిగాడు. గురువులు జరిగి బల్ల మీద చోటిచ్చాడు.